ఉగాండాలో కుట్టు నేర్పబోతున్నారా? మగ్గం ఇక్కడే ఉంచి, కాజా సూది పట్టుకెళ్లండి

ప్రశ్న: మాది మల్కాజిగిరి. 18 ఏళ్లుగా టైలరింగ్ షాపు నడుపుతున్నాను. ఉగాండాలో మసాకా దగ్గర పల్లెల్లో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు 20 మంది ఆడవాళ్లకు మూడు నెలలు కుట్టుపని నేర్పమని పిలిచారు. ఆరు కాలి మిషన్లు ఉన్నాయట, కరెంటు మాత్రం నమ్మకం లేదట. జీతం ఉండదు, టికెట్టు, వసతి, భోజనం వాళ్లవే. బ్లౌజులు, పంజాబీ డ్రెస్సులు, మగ్గం వర్క్ నేర్పుదామని అనుకుంటున్నాను. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇక్కడి నుంచి ఏం తీసుకెళ్లాలి? భాష రాకుండా ఎలా నేర్పాలి? నేను వచ్చేశాక కూడా వాళ్లకు నాలుగు డబ్బులు వచ్చేలా చేయాలంటే ఏం చేయాలి?

జవాబు: మీ మూడో ప్రశ్నతోనే మొదలుపెడతాం. మిగతా రెండింటికీ జవాబులు అందులోనే ఉన్నాయి.

ముందు మీ పాఠాల జాబితా మార్చుకోండి. చీర కట్టని ఊళ్లో బ్లౌజు ఎవరు కుట్టించుకుంటారు? మగ్గం సంగతి ఇంకా కష్టం. జర్దోసీ, పూసలు, కుందన్లు, ఆరీ సూదులు అన్నీ ఇక్కడి నుంచే వెళ్లాలి. మీరు తీసుకెళ్లిన సరుకు అయిపోయిన రోజున ఆ విద్యకూ తాళం పడుతుంది. పైగా చెయ్యి తిరగడానికే నెలలు పడుతుంది, కొనేవాళ్లు కనుచూపు మేరలో ఉండరు. మీ చేతిలో ఉన్న గొప్ప పనే కావచ్చు, అయినా అక్కడి ఆడవాళ్ల మూడు నెలల కష్టం దానికి పెట్టించొద్దు.

అక్కడ కుట్టుకు డబ్బులు ఎక్కడ వస్తాయో చూడండి. ఉగాండా అంగళ్లలో పాశ్చాత్య దేశాల నుంచి బేళ్ల లెక్కన దిగే పాత బట్టలు గుట్టలుగా అమ్ముతారు. వాటిని మివుంబా అంటారు. మామూలు చొక్కా, గౌను కొత్తగా కుట్టి ఆ ధరతో పోటీ పడటం ఎవరివల్లా కాదు. అదే మివుంబాలో దొరకనిది స్కూలు యూనిఫాం. ఏ బడి రంగు ఆ బడిదే కాబట్టి కుట్టించుకోక తప్పదు. అక్కడ బడి ఏడాది ఫిబ్రవరి ప్రాంతంలో మొదలవుతుంది, మూడు టర్ములు. మనకు జూన్‌లో ఉండే యూనిఫాం రద్దీ వాళ్లకు జనవరిలో ఉంటుంది. ఇది మొదటి దారి. రెండోది మివుంబా బట్టలకే మరమ్మతు: నడుము తగ్గించడం, పొడవు కోయడం, జిప్పు మార్చడం. పెట్టుబడి లేని పని, రోజూ చిల్లర తెస్తుంది. మూడోది కిటెంగె, అంటే ఆఫ్రికా అంతటా కనిపించే ఆ పెద్ద పెద్ద అచ్చుల నూలు బట్ట. సాధారణంగా ఆరు గజాల ముక్కగా అమ్ముతారు, పన్నా 45 అంగుళాల అటూ ఇటూ ఉంటుంది. దాంతో సంచులు, ఏప్రాన్లు, గౌన్లు కుడతారు. కొత్త కిటెంగెకు గంజి దట్టంగా ఉంటుంది, ఉతికితే కుంచించుకుపోతుంది. తడిపి ఆరబెట్టాకే కత్తెర పెట్టించండి. అచ్చు ఒకే దిక్కుకు ఉంటే ముక్కలు తలకిందులుగా పరిచి బట్ట మిగుల్చుకోవడం కుదరదు, బట్ట ఎక్కువ పడుతుంది.

గోమేసి అని ఇంకొకటి ఉంది, అక్కడి ఆడవాళ్ల సంప్రదాయ దుస్తులు. చదరపు మెడ, భుజాల దగ్గర పైకి లేచిన చేతులు, మెడ పక్కన ఎడమవైపు రెండు గుండీలు, నడుము కింద వెడల్పాటి పట్టీ, నేల దాకా కుచ్చిళ్లు. ఆరు మీటర్ల దాకా బట్ట పడుతుంది. గోవా నుంచి వెళ్లిన గోమెస్ అనే దర్జీ పేరే ఆ దుస్తులకు వచ్చిందని అక్కడ చెబుతారు. పెళ్లిళ్లకు, పండగలకు అదే కడతారు కాబట్టి మంచి కూలి వస్తుంది. అయితే దాన్ని మీరు నేర్పకండి. ఊళ్లో గోమేసి కుట్టే ఆవిడను చివరి నెలలో ఒక వారం పిలిపించి, ఆమెకు కూలి ఇప్పించి, ఆమె చేత చెప్పించండి. మీరూ బల్ల మీద కూర్చుని నేర్చుకోండి. రేపు మీరు లేనప్పుడు మీ విద్యార్థులు సందేహం వస్తే వెళ్లేది ఆవిడ దగ్గరికే.

ఇప్పుడు గంటల లెక్క. 20 మందిని ఒకేసారి కూర్చోబెట్టొద్దు. పదేసి మందిని రెండు జట్లు చేయండి, ఒక్కో జట్టుకు రోజుకు 3 గంటలు, వారానికి 4 రోజులు. 12 వారాలకు ఒక్కొక్కరికి 144 గంటలు. ఆరు మిషన్లలో ఒకటి పక్కన పెట్టండి (ఎందుకో కింద చెబుతాం). మిగిలిన అయిదింటికి ఇద్దరిద్దరు. ఒకరు తొక్కుతుంటే రెండో ఆమె కటింగో చేతికుట్టో చేస్తుంది. అంటే మిషను మీద ఒక్కొక్కరికి దక్కేది 72 గంటలే. ఈ గంటల్లో స్కర్టు, నిక్కరు, చొక్కా, ఒక సంచి చక్కగా వస్తాయి. అంతకుమించి పెట్టుకుంటే అన్నీ సగం సగం వస్తాయి. సగం వచ్చిన కుట్టుకు ఎవరూ డబ్బులివ్వరు. అయిదో రోజు పాఠం వద్దు. అది మిషన్ల మరమ్మతుకు, లెక్కలకు.

ఏ నెలల్లో వెళ్లాలన్నది కూడా ముందే అడగండి. అక్కడ వానలు మార్చి నుంచి మే దాకా ఒకసారి, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఇంకోసారి. విత్తే రోజుల్లో ఆడవాళ్లు పొలం వదిలి రాలేరు. మసాకా వైపు కాఫీ కోతలు కూడా ఉంటాయి. సంస్థ ఆఫీసులో వాళ్లు చెప్పిన తేదీలకు తలూపకుండా, 'ఆ 20 మందినీ అడిగి చెప్పండి' అనండి. నవంబరు, డిసెంబరుల్లో బడుల ఆర్డర్లు పట్టుకునేలా దానికి ముందే శిక్షణ ముగిస్తే, మీరు వచ్చేసిన నెల రెండు నెలల్లోనే వాళ్ల చేతికి డబ్బు వస్తుంది.

ఒక స్కర్టును దగ్గరగా చూద్దాం. ఏడెనిమిదేళ్ల పిల్ల, నడుము 22 అంగుళాలు, పొడవు 18. బట్ట పన్నా 58 అంగుళాలు అనుకుందాం. పొడవుకు 18, కింద మడతకు 3, పైన కుట్టుకు అర, కింది అంచు లోపలికి మడవడానికి ఇంకో అర, మొత్తం 22 అంగుళాల తుండు. మడతకు 3 అంగుళాలు ఎందుకంటే పిల్ల పెరుగుతుంది, వచ్చే ఏడు విప్పుకోవచ్చు. ఈ మాట చెబితే తల్లులు మీ విద్యార్థుల దగ్గరికే వస్తారు. వెడల్పులో 46 అంగుళాలు తీసుకోండి: 44 ప్లీట్లకు, 2 పక్క కుట్టుకు, ఓపెనింగుకు. 44 అంగుళాల మీద రెండేసి అంగుళాలకు చాక్‌తో గీతలు పెట్టి, మొదటి రెండు అంగుళాలు వదిలి, తర్వాతి గీతను దాని పక్క గీత మీదకు తెచ్చి మడవాలి. మళ్లీ రెండు అంగుళాలు వదలాలి, మళ్లీ జత కలపాలి. 11 ప్లీట్లు వస్తాయి, నడుము సరిగ్గా 22కు దిగుతుంది. దీనికి టేపు కూడా అక్కర్లేదు. రెండంగుళాల అట్టముక్క ఒకటి ప్రతి ఒక్కరి చేతిలో పెట్టండి. అంకెలు చదవడం రానివాళ్లు కూడా తప్పు లేకుండా గీస్తారు. తప్పు ఎక్కడ వస్తుందంటే, చాక్ మొద్దుగా ఉండి గీత లావుగా పడినప్పుడు. ఒక్కో ప్లీటుకు అంగుళంలో ఎనిమిదో వంతు తేడా వచ్చినా 11 ప్లీట్లకు కలిపి అంగుళం పైన పోతుంది, హుక్కు పట్టదు. రోజూ పాఠానికి ముందు చాక్ అంచు చెక్కించండి.

నడుము పట్టీకి 3 అంగుళాల తుండు అడ్డంగా కోస్తే 58 అంగుళాల పొడవు వస్తుంది. అందులో రెండు స్కర్టుల పట్టీలు వస్తాయి. అంటే రెండు స్కర్టులకు 22, 22, 3 కలిపి 47 అంగుళాలు, దాదాపు 1.2 మీటర్లు. 20 స్కర్టులకు 12 మీటర్లు. అదే ఒక్కో స్కర్టును విడివిడిగా పట్టీతో సహా కోసుకుంటూ పోతే 12.7 మీటర్లు పడుతుంది. ఆ 70 సెంటీమీటర్లలో ఇంకో స్కర్టు కుట్టొచ్చు. ఈ లెక్కను బట్ట మీద పరిచి చూపించండి, పలక మీద రాయొద్దు. ఒక్కో స్కర్టుకు పక్కన మిగిలే 12 అంగుళాల ముక్క జేబులకు, బెల్టు లూపులకు వాడించండి. ఒక బడి ఆర్డరుకు బట్టంతా ఒకే తాను నుంచి కొనాలన్నది కూడా మొదటి వారమే చెప్పండి. రంగు ఒకటే అనుకుని వేరే తాను తెస్తే ఎండలో నిలబెట్టినప్పుడు తేడా తెలిసిపోతుంది, హెడ్‌మాస్టరు సరుకు తిప్పి పంపుతాడు.

ఇక మన హైదరాబాద్ టైలర్లు మరిచిపోయే విషయం. ఇక్కడ మనం కాజాలు కాజా మిషనువాడికి, ఓవర్‌లాక్ ఓవర్‌లాక్ వాడికి, పీకో పీకో షాపుకు పంపేస్తాం. పక్క సందులోనే అన్నీ ఉంటాయి. అక్కడి పల్లెలో అవేవీ ఉండవు. చొక్కాకు ఏడు కాజాలు ఉంటాయి. చేతికాజా రాకపోతే చొక్కా పూర్తే కాదు. మీరు చేత్తో కాజా వేసి ఎన్నేళ్లయిందో గుర్తు చేసుకోండి. వెళ్లేలోపు కనీసం వంద వేయండి. గుండీ వెడల్పుకు దాని మందం కలిపి కాజా పొడవు గీయాలి. కోయక ముందే గీత చుట్టూ సన్నగా పరుగుకుట్టు వేయాలి, ఆ తర్వాతే కోయాలి. ముందు కోసేస్తే పాలిస్టర్ పోగులు ఊడిపోతాయి. కొత్తవాళ్లకు ఒక్కో కాజాకు పావుగంట పైనే పడుతుంది, అందుకే కాజా పాఠం మూడో వారంలోనే మొదలుపెట్టి, రోజుకు రెండు చొప్పున చివరి దాకా వేయించండి. మిషను ఖాళీ లేని ఆమెకు అదే పని. ఓవర్‌లాక్ బదులు పోగులు లోపలికి మూసుకుపోయే మడత కుట్టు నేర్పండి. ఒకవైపు ముక్కను పావు అంగుళం, రెండోవైపు అర అంగుళం ఉండేలా కోసి, పెద్దదాన్ని చిన్నదాని మీదకు మడిచి పైనుంచి ఇంకో కుట్టు వేయడమే. నిక్కరు కూర్చునే చోట చిరగకుండా ఇదే కాపాడుతుంది.

మిషన్ల దగ్గరికి వద్దాం. బయల్దేరే ముందే ఆరు మిషన్ల ఫొటోలు తెప్పించుకోండి: ముందువైపు, షటిల్ మూత తెరిచి లోపల, బాబిన్ (కింది దారం చుట్టే కండె), సూది ప్యాకెట్టు. పాత సింగర్ మిషన్లు కొన్నింట్లో గుండ్రటి బాబిన్ ఉండదు, సన్నగా పొడవుగా ఉండి పడవలాంటి షటిల్‌లో కూర్చుంటుంది. మీరు ఇక్కడ కొన్న గుండ్రటి బాబిన్లు యాభై పట్టుకెళ్లినా దానికి పనికిరావు. సూదుల్లో కూడా పైన ఒకవైపు చదునుగా ఉండేవి, పూర్తిగా గుండ్రంగా ఉండేవి రెండు రకాలు. ఏది పడుతుందో తెలియకుండా కొనొద్దు. ఇక్కడి నుంచి మిషన్లు మోసుకెళ్లాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. మసాకా మెకానిక్కుకు విడిభాగం దొరకని మిషను ఆరు నెలల్లో పాత ఇనుము అవుతుంది.

మొదటి రెండు రోజులు సూదీ వద్దు, దారమూ వద్దు. చేతి చక్రం మధ్యలో ఉన్న గుండ్రటి మర వదులు చేస్తే చక్రం తిరుగుతుంది, సూది కడ్డీ కదలదు. అప్పుడు తొక్కించండి. చక్రం తమవైపే తిరగాలి. వెనక్కి తిరిగిన మరుక్షణం దారం షటిల్ దగ్గర చిక్కుపడి తెగుతుంది, కొత్తవాళ్ల ఏడుపు సగం దానికే. చక్రాన్ని చేత్తో తమవైపు అర చుట్టు తిప్పి, ఆ ఊపుకు పాదం కలపడం అలవాటు చేయండి. మూడో రోజు గీతల నోట్‌బుక్ కాగితం మీద, దారం లేకుండా: ముందు నిలువు గీతలు, తర్వాత చదరాలు, ఆపై నత్తగుల్లలాంటి చుట్లు. మూలలో సూది కిందే ఉంచి, బట్టను నొక్కి పట్టే మిషను పాదం ఎత్తి, కాగితం తిప్పాలి. కాగితం కుడితే సూది మొద్దుబారుతుంది, కాబట్టి దీనికి పాత సూదులే వాడించి, వాటిని వేరే డబ్బాలో వేయించండి.

దారం బిగువు నేర్పడానికి పైన ఎర్ర దారం, కింద తెల్ల దారం పెట్టండి. మాటలు అక్కర్లేదు. బట్ట పైన తెల్ల చుక్కలు కనిపిస్తే పైన బిగువు ఎక్కువ. కింద ఎర్ర ఉచ్చులు వేలాడితే పైన వదులు, లేదా దారం టెన్షన్ బిళ్లల మధ్య కూర్చోలేదు. చాలాసార్లు రెండోదే కారణం, మిషను పాదం దించి ఉంచి దారం ఎక్కించి ఉంటారు. పాదం ఎత్తితేనే బిళ్లలు తెరుచుకుంటాయి. బాబిన్ కేసును దారం పట్టుకుని వేలాడదీస్తే అది నిలబడాలి, చిన్నగా కుదిపితే అంగుళమో రెండంగుళాలో జారి ఆగాలి. దానంతటదే జారిపోతే వదులు, కుదిపినా కదలకపోతే బిగువు. స్క్రూ ఒకసారికి పావు చుట్టుకు మించి తిప్పొద్దని చెప్పండి. కుట్లు ఎగిరిపోతుంటే ముందు సూది చూడండి: వంగిందా, పైదాకా వెళ్లిందా, తిరగబడిందా. సూదికి ఒకవైపు పొడవాటి గాడి ఉంటుంది, దారం ఏ వైపు నుంచి సూదిలోకి దూరుతుందో ఆ వైపే గాడి ఉండాలి. ఏ కంపెనీ మిషనుకైనా ఇదే సూత్రం.

మిషను బిగుసుకుపోతే అది చాలాసార్లు వంటనూనె వల్లే. చేతికి దొరికిన నూనె పోస్తారు, అది జిగురుగా గడ్డకడుతుంది. అన్ని రంధ్రాల్లో కిరోసిన్ చుక్కలు వేసి (అక్కడ పారఫిన్ అని అడగాలి) పది నిమిషాలు ఖాళీగా తొక్కి, నల్లగా కారిందంతా తుడిచి, అప్పుడు మిషను నూనె వేయాలి. బట్టను నెట్టే పళ్ల కింద పేరుకున్న దూది రెండు రోజులకోసారి బ్రష్‌తో తీయించండి. తోలు బెల్టు సాగి జారుతుంటే అర అంగుళం కోసి మళ్లీ క్లిప్పు వేయాలి. ఆ ఆరో మిషను ఇందుకే. వారానికో రోజు దాన్ని పూర్తిగా విప్పించండి, బిగింపించండి. చివరి నెలలో మీరే రాత్రిపూట ఏదో ఒకటి చెడగొట్టి పెట్టండి: సూది తిప్పి పెట్టండి, టెన్షన్ స్ప్రింగు తీసేయండి, బెల్టు వదులు చేయండి. పొద్దున వచ్చి వాళ్లే కనిపెట్టాలి. నలుగురికి మరమ్మతు వస్తే చాలు, ఆ ఊరికి మెకానిక్కులు ఉన్నట్టే.

ఇస్త్రీ గురించి ఒక మాట. బొగ్గుల ఇస్త్రీపెట్టె అక్కడ మామూలే, మన వీధి చివర ఇస్త్రీ బండి మీద ఉన్నట్టే. బొగ్గు బయట రాజేసి, పొగ ఆగాకే లోపలికి తేవాలి. తలుపులు మూసిన గదిలో వద్దు, బొగ్గు గ్యాస్ ప్రాణం మీదకు తెస్తుంది. పాలిస్టర్ యూనిఫాం మీద తడి నూలు గుడ్డ వేసి రుద్దకపోతే మెరుపు మచ్చలు పడతాయి.

భాష గురించి మీరు అనుకుంటున్నంత భయం అక్కర్లేదు. మసాకా వైపు మాట్లాడేది లుగాండా, ఇంగ్లీషు ఆఫీసు భాష. సూది ఎంపిసో, దారం వుజి, కత్తెర మకాన్సి, కుట్టు మిషను ఎచాలాని. కుట్టడానికి తుంగ, కోయడానికి సల, నెమ్మదిగా అంటే ఎంపోలా ఎంపోలా, థాంక్స్‌కు వెబాలె. ఈ ఎనిమిది మాటలు మీ నోట వస్తే మిగతావి వాళ్లే నేర్పుతారు. ఎదురుగా కూర్చుని చూపించొద్దు, కుడి ఎడమ తారుమారవుతాయి. పక్కనే కూర్చోండి. అసలు పని చేసేది మెట్ల నమూనా: ఒక స్కర్టును ఆరు దశల్లో, ఆరు వేర్వేరు ముక్కలుగా కుట్టి తాడుకు వరసగా వేలాడదీయండి. గీసింది, ప్లీట్లు పెట్టింది, పక్క కుట్టింది, ఓపెనింగు పెట్టింది, పట్టీ వేసింది, పూర్తయింది. తన చేతిలో ఉన్నది ఏ మెట్టు దగ్గర ఆగిందో ఆమే వెళ్లి పోల్చుకుంటుంది, మిమ్మల్ని పిలవదు.

అక్కడి ఆడవాళ్లు పెద్దవాళ్లను పలకరించేటప్పుడు మోకాళ్ల మీద కూర్చుంటారు, అది మసాకా ఉన్న బుగండా ప్రాంతపు మర్యాద. కంగారుపడి లేపొద్దు, మీరూ వంగి బదులివ్వండి. ఇంకో సంగతి తెలిసి ఉండాలి. భారతీయులంటే అక్కడ చాలామందికి కొట్టు యజమానులుగానే పరిచయం. 1972లో అప్పటి ఉగాండా నియంత ఇదీ అమీన్ ఆసియావాళ్లను 90 రోజుల గడువిచ్చి వెళ్లగొట్టాడు, తర్వాత కొందరు తిరిగి వచ్చారు. ఆ పాత లెక్కలన్నీ మనసుల్లో ఉంటాయి. మీరు కుర్చీలో కూర్చుని పనులు పురమాయిస్తే యజమానురాలిగానే చూస్తారు. వాళ్లు తినేదే తినండి, వాళ్లతో పాటు గది ఊడవండి.

మూడో వారం ముగిసేసరికి ఇద్దరు సహ టీచర్లను ఎంచుకోండి. అందరికంటే వేగంగా కుట్టే ఆమెను ఎంచుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. పక్కవాళ్లు దారం తెగితే ఎవరివైపు చూస్తున్నారో గమనించండి, ఆమే టీచరు. ఏడో వారం నుంచి వాళ్లు చెప్పాలి, మీరు వెనక నిలబడాలి. పదో వారం నుంచి మీరు మిషను ముట్టుకోవద్దు. వాళ్లిద్దరికీ నెలకు ఎంతో కొంత ఇచ్చేలా సంస్థ చేత మీరు వెళ్లకముందే ఒప్పించండి. మీకు లేని జీతం వాళ్లకెందుకని ఎవరైనా అంటే, మీ టికెట్టు డబ్బుతో వాళ్లకు ఎన్ని నెలలు ఇవ్వొచ్చో లెక్క వేసి చూపండి.

ధర కట్టడం కూడా కుట్టులో భాగమే. బట్ట, హుక్కు, దారం, బొగ్గు, పని గంటలు. దారం ఊరికే వస్తుందని వదిలేస్తారు, కానీ కుట్టు పొడవుకు రెండున్నర నుంచి మూడు రెట్ల దారం పోతుంది. ఒక రీలుకు ఎన్ని స్కర్టులు అయ్యాయో గోడ మీద గీతలు పెట్టించండి. బడి ఆర్డరుకు సగం అడ్వాన్సు లేకుండా బట్ట కొననివ్వొద్దు, బడులు ఫీజులు వసూలయ్యాకే డబ్బిస్తాయి.

శిక్షణ చివరి రోజు మిషన్లు ఎవరివన్న దగ్గరే సంఘాలు విరుగుతాయి. 20 మంది కలిసి ఒకే షాపు అంటే మా లెక్కలో నిలవదు, ఎక్కువ పనిచేసిన ఆమె మొదట వెళ్లిపోతుంది. ముగ్గురు నలుగురు చొప్పున చిన్న జట్లు, ఎవరి ఖాతా వాళ్లది, పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు మాత్రం అందరూ కలిసి పంచుకోవడం మేలు. మిషను ఉచితంగా ఇవ్వకుండా వాయిదాల మీద ఇవ్వమని సంస్థకు చెప్పండి. ఆ డబ్బు జమ కావడానికి ఊళ్లో పొదుపు పెట్టె ఉండే ఉంటుంది. 1991లో నైజర్ దేశంలో కేర్ సంస్థ మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇప్పుడు ఆఫ్రికా అంతటా ఉంది: 15 నుంచి 25 మంది, ఒక పెట్టె, మూడు తాళాలు, ముగ్గురి దగ్గర మూడు తాళంచెవులు. మన మహిళా సంఘాలకూ దానికీ ఒక తేడా ఉంది. వాళ్లు ఏడాది చివర పొదుపంతా పంచేసుకుని మళ్లీ కొత్తగా మొదలుపెడతారు. కాబట్టి మిషను వాయిదాలు ఆ పంపకానికి ముందే తీరేలా పెట్టాలి, లేకపోతే బాకీ గాల్లో కలుస్తుంది.

తీసుకెళ్లాల్సినవి: రకం ఖాయం చేసుకున్నాక 14 నంబరు సూదులు 200, యూనిఫాం మందపు బట్టకు 16 నంబరువి 100, పల్చటి వాటికి 11వి 50. ఎక్కువనిపిస్తుంది కానీ 20 మంది కొత్తవాళ్లు మొదటి నెలలో విరగ్గొట్టేవి తక్కువేం కాదు. బాబిన్లు 40, బాబిన్ కేసులు 6, తోలు బెల్టులు 6 క్లిప్పులతో, సూది బిగించే స్క్రూలు, టెన్షన్ స్ప్రింగులు అరడజను చొప్పున, చిన్న పెద్ద స్క్రూడ్రైవర్లు, బట్ట కత్తెరలు 6, టేపులు 20. ప్లాస్టిక్ టేపులు సాగుతాయి, కొనేటప్పుడు ఉక్కు స్కేలు పక్కన పెట్టి చూడండి. జనరల్ బజార్‌లో ఒక పూట తిరిగితే చాలావరకు దొరికిపోతాయి. కత్తెరలు, సూదులు చెకిన్ బ్యాగులోనే. నూనె, దారం, బట్ట, గుండీలు మాత్రం మసాకాలోనే, వాళ్లను వెంటబెట్టుకుని కొనండి. ఏ కొట్లో ఏది దొరుకుతుందో, ఎలా బేరమాడాలో కూడా పాఠమే.

కాగితాల విషయం త్వరగా చెబుతాం. ఉగాండాకు యెల్లో ఫీవర్ టీకా కార్డు తప్పనిసరి. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, ఒకసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది. గుడ్డు పడనివాళ్లు, 60 దాటినవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. ఆ కార్డు పోగొట్టుకోవద్దు, తిరిగి వచ్చేటప్పుడు లేకపోతే 6 రోజులు క్వారంటైన్‌లో పెట్టే నిబంధన మన దగ్గర ఉంది. మలేరియా మాత్రలు ఏవి, ఎన్ని రోజులో డాక్టరు చేత రాయించుకోండి, దోమతెర వదలొద్దు. టూరిస్టు వీసా మీద వెళ్లి పాఠాలు చెప్పొద్దు, పని చేయడానికి తగిన అనుమతి సంస్థే తీసి పంపాలి. తిరుగు టికెట్టు, వైద్య బీమా, వసతి, సహ టీచర్ల జీతం, మిషన్ల యాజమాన్యం, ఈ అయిదూ కాగితం మీద రాయించుకోండి. రిజిస్ట్రేషన్ ఫీజు అంటూ మిమ్మల్నే డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. సంస్థ అసలుదో కాదో కంపాలాలోని మన హైకమిషన్‌కు రాసి కనుక్కోవచ్చు.

బయల్దేరేలోపు ఒక పని చేయండి. మీ పేటలో తెలుగు రాని కుటుంబాలు ఉంటాయి, ఒడిశా నుంచో బిహార్ నుంచో పనికి వచ్చినవాళ్లు. ఆ ఇళ్ల నుంచి ఇద్దరు అమ్మాయిలను పిలిచి రెండు వారాలు కాలి మిషను మీద ఆ 22 అంగుళాల స్కర్టు నేర్పండి. ఒక్క మాట మాట్లాడకుండా నేర్పాలి. ఎక్కడ నోరు తెరవక తప్పలేదో కాగితం మీద రాసుకోండి. మెట్ల నమూనాలో ఆ చోటికి ఇంకో ముక్క కుట్టి కలపండి.